అయిదో అంకె

(పాత రోలెక్స్ డేట్‌జస్ట్ వాచీ బల్ల మీద బోర్లా పడి ఉంది. సూర్యం చేతిలో కూరగాయల కత్తి.)

భారతి: ఏవండీ! ముందు ఆ కత్తి కింద పెట్టండి.

సూర్యం: మోడల్ నంబరు చూడాలే. అమ్మినవాడు 1601 అన్నాడు. అది చైన్ కింద దాక్కుందిట.

భారతి: చైన్ ఊడదీయడానికి కత్తా? చైన్ తగిలించే ఈ కొమ్ముని లగ్ అంటారు, దాని పక్కన చిన్న బెజ్జం కనిపిస్తోందా? పాత డేట్‌జస్ట్‌లకి ఆ బెజ్జం ఇవతలి నుంచి అవతలికి ఉంటుంది. సన్నటి పిన్ను పెట్టి నొక్కితే చైన్‌ని పట్టి ఉంచే స్ప్రింగ్ బార్ ముడుచుకుని చైన్ వచ్చేస్తుంది.

సూర్యం: కత్తితో అయితే రాదా?

భారతి: వస్తుంది, దాంతోపాటు లగ్ మీద గీత కూడా వస్తుంది. ఆ గీత పోవాలంటే పాలిష్ చేయించాలి. పాలిష్ చేస్తే లగ్ అరుగుతుంది. అరిగిన లగ్ మళ్ళీ పెరగడానికి అదేం గోరు కాదు. తువ్వాలు పరవండి. లగ్‌లకి టేప్ అంటించండి. ఎడమ చెయ్యి పైన మూతలా పెట్టండి, స్ప్రింగ్ బార్ ఎగిరిందంటే మీరు నేల మీద పాకుతూ వెతుక్కోవాలి.

సూర్యం: (నొక్కుతూ) వచ్చింది! పన్నెండు వైపు చూడు, 1601. అమ్మినవాడు చెప్పింది అక్షరాలా నిజం.

భారతి: అక్షరాల సంగతి సరే, అంకెలు చూద్దాం. కీ మర తిప్పి ఒక్క మెట్టు లాగండి. ఉండండి, వాచీలో టైమెంత? రాత్రి తొమ్మిదికీ తెల్లవారి మూడుకీ మధ్యలో తేదీ తిప్పకూడదు. అప్పటికే తేదీ పళ్ళు ఒకదానికొకటి పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి.

సూర్యం: పదకొండున్నర.

భారతి: పగలా, రాత్రా?

సూర్యం: అది వాచీకి ఎలా తెలుస్తుందే!

భారతి: తెలుస్తుంది. కీ చివరిదాకా లాగి ముళ్ళు ముందుకి తిప్పండి. పన్నెండు దగ్గర తేదీ మారితే అది అర్ధరాత్రి. మారిందా? ఇక ఆరు దాటించి ఆపండి. ఇప్పుడు మధ్య మెట్టులో పెట్టి తిప్పండి.

సూర్యం: ముళ్ళు కదల్లేదు, తేదీ ఒక్కటే టకటకా మారుతోంది. ఎంత సుఖంగా ఉందో!

భారతి: సుఖం మీకే, 1601కి కాదు. దాన్లో ఉండే 1570 మెషీన్‌కి ఆ సదుపాయం లేదు. తేదీ మారాలంటే ముళ్ళని అర్ధరాత్రి దాటించాల్సిందే. ఇలా విడిగా తేదీ మారే 3035 మెషీన్ వచ్చింది 1977లో.

సూర్యం: అయితే మెషీన్ మార్చేశారంటావా?

భారతి: ఆ మాట అనే ముందు నంబరు పూర్తిగా చదవాలి. ఆ పళ్ళపుల్ల ఇటివ్వండి. నీళ్ళు వద్దు, తడి లోపలికి పోకుండా ఆపే గాస్కెట్ ఏ స్థితిలో ఉందో ఏమో. చెమటా మట్టీ కలిసి రాయిలా గట్టిపడింది. పైగా చైన్ కొస రాసుకుని రాసుకుని అంకెల్ని తినేస్తుంది. టార్చి నెత్తిమీద కాదండీ, పక్కనుంచి, దాదాపు పడుకోబెట్టి పట్టండి. పదింతలు చూపించే ఈ భూతద్దం, అదే లూప్‌లోంచి చూడండి. ఒకటి తర్వాత ఏముంది?

సూర్యం: ఏదో నీడ... ఏటవాలు గీత, అడ్డగీత... నాలుగు!

భారతి: 16014. అయిదంకెల మోడల్. చివరి నాలుగు అంటే స్టీలు వాచీకి తెల్ల బంగారం అంచు.

సూర్యం: బంగారమా!

భారతి: అంచు వరకే. ఆ మురిసిపోవడం ముందు ఆపండి.

సూర్యం: మరి వాడు పంపిన ఫొటోలో వెనక మూత లోపల 16000 అని ఉంది. అయితే దొంగ మూతే!

భారతి: కాదు. ఆ కుటుంబంలో చాలా మోడళ్ళకి ఒకే మూత వేసేవాళ్ళు, అందుకే లోపల 16000 అని కొట్టేవాళ్ళు. మోడల్ పేరు లగ్‌ల మధ్య ఉన్నదే. ఇంకా నయం, చైన్ మీది 62510 చూసి అదే మోడల్ అన్నారు కాదు.

సూర్యం: (చైన్ చటుక్కున దాచి) అది చైన్ నంబరని నాకు తెలీదా! ఇదిగో, చైన్ లాక్ లోపల ‘సి’ అక్షరం. 1976కి ‘ఎ’, 1977కి ‘బి’, 1978కి ‘సి’. నేను పుట్టిన సంవత్సరం! అందుకే కొన్నాను.

భారతి: ఆ అక్షరం పుట్టినరోజు చైన్‌ది. చైన్ ఏ వాచీ నుంచి ఏ వాచీకైనా వలస పోతుంది. వాచీ డొక్కనే కేసంటారు, దాని వయసు దాన్నే అడగాలి. ఆరు వైపు సీరియల్ నంబరు చదవండి.

సూర్యం: ఏడంకెలు. ఎనిమిది, మూడు...

భారతి: చాలు. అయిదుతో మొదలైతే మీ 1978 ప్రాంతం. 83 లక్షలంటే 1984. రోలెక్స్ కంపెనీ ఈ పట్టిక ఎప్పుడూ అచ్చు వెయ్యలేదు, సేకరించేవాళ్ళు కూర్చుకున్నదే, కాబట్టి ఒక ఏడాది అటూ ఇటూ ఉంటుంది. ఆరేళ్ళు ఉండదు.

సూర్యం: చదవడంలో నేనే పొరబడ్డానేమో. ముందు అక్షరం ఏదైనా ఉందేమో చూడు.

భారతి: అక్షరాలు 1987లో మొదలయ్యాయి. ‘ఆర్’, తర్వాత ‘ఎల్’, ‘ఇ’, ‘ఎక్స్’. 2010 నుంచి అక్షరాలూ అంకెలూ కలగాపులగం చేసేశారు, కొత్త వాచీ నంబరు చూసి సంవత్సరం చెప్పడం ఇక ఎవరి తరమూ కాదు. కొత్తవాటికి చైన్ ఊడదీసే పనీ లేదు, అద్దం లోపలి ఉంగరం మీదే చెక్కుతున్నారు. ఇలా పక్కకి వంచి చూడండి, అంకెల అంచులు మెరుస్తున్నాయి. అసలు నంబరు లోతుగా తెగి ఉంటుంది. చుక్కలు చుక్కలుగా పైపైన గీకినట్టుంటే అనుమానించాలి.

సూర్యం: పోనీ, డయల్ చూడు. దీపం ఆర్పితే పచ్చగా ఎలా వెలుగుతోందో! అంత పాత వాచీకి ఎంత ప్రాణం!

భారతి: అదే తంటా. 1984లో డయల్ మీద రాసింది చీకట్లో వెలిగే ట్రిటియం పూత. పన్నెండేళ్ళ చిల్లరకి సగం బలం పోతుంది, ఈపాటికి అది గుడ్డిదైపోవాలి. ఆరు కింద లూప్ పెట్టండి. ‘స్విస్’కి అటూ ఇటూ ట్రిటియం గుర్తు ‘టి’ ఉందా?

సూర్యం: ‘స్విస్ మేడ్’ అని ఉంది.

భారతి: అయితే సర్వీసులో మార్చిన డయల్, 1990ల ఆఖరు తర్వాతది. దొంగది కానక్కర్లేదు, కానీ పుట్టుకతో వచ్చిందీ కాదు. అమ్మేటప్పుడు ఆ మాట చెప్పాలి, కొనేటప్పుడు అడగాలి.

సూర్యం: చైన్ 1978, కేసు 1984, డయల్ ఆ తర్వాతెప్పుడో! ఇది వాచీయా, ఉమ్మడి కుటుంబమా? ఈసారి ఒమేగా కొంటాను.

భారతి: పాత ఒమేగాకి సీరియల్ మెషీన్ మీదే ఉంటుంది, మూత తియ్యాలి. పటెక్ ఫిలిప్ కంపెనీ వాచీకి మెషీన్ నంబరు వేరు, కేసు నంబరు వేరు, రెండూ చూసి కంపెనీ రికార్డుల నుంచి పత్రం తెప్పించుకోవాలి. మూత తీసేది మాత్రం రిపేరు చేసేవాడు. మీరు కాదు.

సూర్యం: (నిట్టూర్చి) అయితే నా పుట్టిన సంవత్సరం వాచీ నాకు లేనట్టేనా?

భారతి: మీకు లేదు. 1984లో పుట్టినదాన్ని నేను. ఇటివ్వండి, దీనికి తోలు పట్టీ వేయించుకుంటాను.

సూర్యం: మరి నాకో?

భారతి: 1978ది చైన్ ఉందిగా. దాన్ని ఉంచుకోండి.