సుత్తి ఉండగా కొలతలెందుకు?

ఎస్‌యూవీ చక్రంలో బేరింగ్ (చక్రం నున్నగా తిరగడానికి రెండు రింగుల మధ్య బంతులు పెట్టిన భాగం) అరిగి మూలుగు మొదలైతే కంగారు పడాల్సిందేమీ లేదు. దానికి తొలి చికిత్స అనుభవజ్ఞులు ఎప్పుడో కనిపెట్టారు: పాటల సౌండు పెంచడం. వేగంతో పాటు మూలుగూ పెరుగుతుంది కాబట్టి పాటనూ దానికి తగ్గట్టు పెంచుకుంటూ పోవాలి. వెనక సీటువాళ్లు ఒకరితో ఒకరు ఫోన్లో మాట్లాడుకునే దాకా వచ్చాక రెండో చికిత్స మొదలవుతుంది. టైర్లు అరిగాయని తీర్మానించి నాలుగూ మార్చేస్తారు. కొత్త టైర్ల మీద పాత మూలుగు ఏ అడ్డూ లేకుండా, ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది.

నిజానికి రోడ్డు మీద స్టీరింగ్ కాస్త కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే అనుమానం ఎడమ బేరింగ్ మీద. ఎడమకు తిప్పినప్పుడు పెరిగితే కుడిదాని మీద. చక్రం లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపితే లూజు తెలిసిపోతుంది. చక్రాన్ని చేత్తో తిప్పుతూ రెండో చేతిని సస్పెన్షన్ స్ప్రింగు మీద పెడితే, చెవికి అందని గరగర కూడా వేళ్లకు అందుతుంది. చిల్లిగవ్వ ఖర్చు లేని పరీక్షలు ఇవి. అందుకే వీటిని ఎవరూ నమ్మరు.

ఇక బేరింగ్‌ను ఇంట్లోనే మార్చేద్దామన్న మహత్తర నిర్ణయం వీడియో చూశాక పుడుతుంది. అందులో అరగంటలో పని అయిపోతుంది. ఆ బండికి తుప్పంటే ఏమిటో తెలియదు, బోల్టులు పానా చూడగానే లొంగిపోతాయి. హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) బయటికి రాకముందు ఒక షాట్, వచ్చాక ఇంకో షాట్. మధ్యలో ఎన్ని గంటలు, ఎన్ని తిట్లు కత్తిరించారని అడగడం మర్యాద కాదు.

సంప్రదాయం ప్రకారం ముందు బండిని జాకీ మీద లేపాలి, చక్రం ఊడదీయాలి, ఆ తర్వాతే యాక్సిల్ నట్ (ఇరుసు చివరన హబ్‌ను పట్టి ఉంచే పెద్ద నట్) సంగతి గుర్తుకు రావాలి. బండి నేల మీద ఉండగానే, పక్కన ఒకరు బ్రేకు తొక్కిపట్టి ఉంటే అది సులువుగా వదులవుతుంది. సులువుగా అయ్యే పనికి గౌరవం ఏముంటుంది? స్టాండ్లంటారా, అవి పిరికివాళ్లకు. జాకీ ఉన్నది బండిని ఎత్తడానికే, మోయడానికి స్టాండ్లు పెట్టాలి, నేల మీదున్న చక్రాలకు అడ్డు వెయ్యాలి అని మాన్యువల్‌లో రాసే ఉంటుంది. ఆ మాన్యువల్ గ్లోవ్ బాక్సులో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా భద్రంగా ఉంటుంది. కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) విప్పాక దాన్ని తీగతో స్ప్రింగుకు కట్టమంటారు. మనవాళ్లు బావిలో బక్కెట్టులా బ్రేకు గొట్టానికే వేలాడదీస్తారు. గొట్టం లోపలి పొర చిరిగినా బయటికి కనబడదు కాబట్టి ఎవరికీ టెన్షన్ లేదు.

ఇప్పుడు సుత్తి వస్తుంది. బేరింగ్ లోపలి బంతుల గుండ్రదనంలో తేడా ఒక మైక్రాన్ కూడా ఉండదు. మన తల వెంట్రుక మందమే 50 నుంచి 100 మైక్రాన్లు. అంత నాజూకు సరుకును రెండు కిలోల ఇనుముతో లోపలికి పంపగలమన్న ధైర్యం మామూలుది కాదు. ఫిలిప్ వాన్ అనే ఆయన బండి ఇరుసుకు బంతులు పెట్టి పేటెంట్ తీసుకున్నది 1794లో. ఆ బంతులు ఎందుకు పెట్టాడో పట్టించుకోనివాళ్లకు ఇన్నేళ్లూ ఏ లోటూ రాలేదు.

బేరింగ్ మూడు నాలుగు బోల్టులతో హబ్‌తో సహా ఊడి వచ్చే రకమైతే సుత్తికి పెద్దగా పని దొరకదు. తుప్పు పట్టి నకిల్‌కు (బేరింగ్‌ను, హబ్‌ను మోసే లోహపు దిమ్మకు) అతుక్కుపోయి ఉంటే తప్ప. దాని ప్రతిభ బయటపడేది నకిల్‌లోకి బిగువుగా కూర్చునే రకం దగ్గర. వెనక నుంచి కొట్టీ కొట్టీ చివరికి హబ్ బయటికి వస్తుంది. కానీ బేరింగ్ లోపలి రింగులో ఒక సగం దాంతోపాటే వచ్చేస్తుంది, హబ్ మెడను పట్టుకుని. దాన్ని గ్రైండరుతో పక్కగా, దాదాపు తెగే దాకా కోసి, ఆ గాటులో ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే టక్కున పగిలి వదులుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో సుత్తికి న్యాయంగా దక్కాల్సిన దెబ్బ ఆ ఒక్కటే. మిగతావన్నీ అది స్వయంగా సంపాదించుకున్నవి.

కొత్తదాన్ని నకిల్‌లోకి నొక్కేటప్పుడు బలం బయటి రింగు మీదే పడాలి. హబ్‌ను అందులోకి నొక్కేటప్పుడు లోపలి రింగు కింద ఆసరా ఉండాలి. ఇది తారుమారైతే బలమంతా బంతుల మీదుగా వెళ్లి, అవి తిరిగే దారిలో సొట్టలు పెడుతుంది. కంటికి కనబడనంత చిన్నవి. చెవికి మాత్రం చక్కగా వినబడతాయి. ప్రెస్ (నొక్కే యంత్రం) ఉన్న చోటికి నకిల్‌ను పట్టుకెళ్లి నొక్కించుకోవచ్చు కదా అని ఎవరైనా అంటే, వాళ్లకు పౌరుషం లేదని అర్థం.

ఇంకో సరదా కూడా ఉంది. చాలా బేరింగ్‌లలో ఒకవైపు సీలులోనే అయస్కాంతపు వలయం ఉంటుంది, బ్రేకు వేసినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసే ఏబీఎస్ వ్యవస్థ సెన్సార్ దాన్నే చదువుతుంది. రెండు వైపులూ చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. పేపర్ క్లిప్పు దగ్గర పెడితే ఏది అయస్కాంతమో తెలిసిపోతుంది, కానీ క్లిప్పును అడిగి పని చేస్తామా? తిరగేసి పెడితే డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతుంది. అలంకారానికి బాగుంటుంది.

చివరగా యాక్సిల్ నట్. చాలా బండ్లకు కొత్తదే వాడాలి, ఎన్ని న్యూటన్ మీటర్ల బలంతో బిగించాలో చూసి టార్క్ రెంచ్‌తో (ఆ బలాన్ని కొలిచే పానాతో) బిగించాలి. 200 దాటడం మామూలే, బండిని బట్టి 300 దాకా ఉంటుంది. మనకెందుకు, మన చెయ్యే టార్క్ రెంచ్. నట్ సరిగా బిగియకుండా బండిని దించి కాస్త ముందుకు తోస్తే చాలు, కొత్త బేరింగ్ అక్కడికక్కడే పాతబడడం మొదలుపెడుతుంది.

అది మళ్లీ మూలిగితే నేరం ఎవరిదో వేరే చెప్పాలా? ఈ రోజుల్లో స్పేర్ పార్టులే అంత, అన్నీ డూప్లికేట్. ఆ తీర్పు చెప్పేసి రెండోవైపు చక్రం ఊడదీస్తారు. ఈసారి అనుభవం కూడా ఉంది, అందుకని ఇంకాస్త పెద్ద సుత్తి కొంటారు.