పదమూడు నిమిషాల దేశభక్తి

దేశభక్తి ఏ స్థాయికి దిగజారిందో తెలుసుకోవాలంటే ఫుట్‌బాల్ ప్రపంచకప్ జట్ల జాబితాలు ఒకసారి తిరగేస్తే చాలు. ఒకడు పుట్టింది మాడ్రిడ్‌లో, ఆడేది మొరాకోకు. ఇంకొకడు పుట్టింది బ్రెజిల్‌లో, ఆడేది స్పెయిన్‌కు. ఒక తల్లి కన్న ఇద్దరు కొడుకులు రెండు జెండాల కింద ఎదురెదురుగా నిలబడుతున్నారు. 2016 యూరో కప్‌లో జాకా సోదరులలో గ్రానిత్ స్విట్జర్లాండ్‌కు, తౌలాంత్ అల్బేనియాకు ఆడారు. వాళ్ళమ్మ సగం స్విస్ జెండా, సగం అల్బేనియా జెండా కుట్టిన చొక్కా తొడుక్కుని ప్రేక్షకులలో కూర్చుంది. ఆవిడను ఏ ప్రభుత్వమూ సంజాయిషీ అడగలేదు. సామ్రాజ్యాలు కూలిపోయేది సరిగ్గా ఇలాంటి ఉపేక్ష వల్లనే అని నా నిశ్చితాభిప్రాయం.

నా సిద్ధాంతంలో తిరకాసు లేదు. పుట్టిన నేలకే ఆడాలి. ఆ నేల పిలవకపోతే, పిలిచేదాకా ఇంట్లో కూర్చోవాలి. ఈ సంగతిని నాకంటే గంభీరంగా లోకానికి చాటినవాడు అప్పటి బ్రెజిల్ కోచ్ లూయిజ్ ఫెలిపె స్కొలారి. 2013లో డియెగో కోస్టా అనే స్ట్రైకర్ బ్రెజిల్‌ను కాదని స్పెయిన్‌ను ఎంచుకున్నప్పుడు, కోట్ల మంది కలకు వెన్ను చూపాడని ఆయన మండిపడ్డాడు. కోస్టాది సెర్జిపి రాష్ట్రంలోని లగార్తో అనే ఊరు. అప్పటిదాకా బ్రెజిల్ పెద్ద క్లబ్బులేవీ అతణ్ణి చేరదీయలేదు. ఇరవై ఏళ్ళు నిండకముందే ఐరోపా వెళ్ళి, ఏళ్ళ తరబడి ఊరూరా క్లబ్బులు మారి, చివరికి అట్లెటికో మాడ్రిడ్‌లో గోల్స్ వర్షం కురిపించడం మొదలుపెట్టాక స్వదేశానికి గుర్తొచ్చాడు. 2013 మార్చిలో రెండు స్నేహపూర్వక మ్యాచ్‌లలో ఆఖర్లో కాసేపు దింపి, మళ్ళీ మరిచిపోయారు. తీరా స్పెయిన్ చెయ్యి చాపేసరికి ఆ కోట్ల మందికీ ఒక్కసారిగా కల మొదలైంది.

గిట్టనివాళ్ళు ఇక్కడ ఒక పాత సంగతి తవ్వుతారు. 2002లో బ్రెజిల్‌ను ప్రపంచ విజేతగా నిలిపిన కోచ్ ఈ స్కొలారియే. ఆ మరుసటి ఏడాదికి ఆయన పోర్చుగల్ కోచ్. 2003 మార్చి 29న పోర్తో నగరంలో పోర్చుగల్, బ్రెజిల్ తలపడ్డాయి. ఆట 1-1 దగ్గర ఉండగా స్కొలారి దింపిన ఒక కొత్త ఆటగాడు ఫ్రీ కిక్‌ను నేరుగా గోల్లోకి పంపి, ప్రపంచ విజేతలను ఓడించాడు. ఆ ఆటగాడి పేరు డెకో. పుట్టింది సావో పాలో పక్కన. పోర్చుగల్ పౌరసత్వం చేతికొచ్చి ఎన్నాళ్ళో కాలేదు. చైనావాడిగా పుట్టినవాడు చైనాకే ఆడాలని పోర్చుగల్ దిగ్గజం లూయిస్ ఫీగో అప్పుడు అభ్యంతరపెట్టాడు కూడా; స్కొలారి చెవిన పెట్టలేదు. ఇందులో వైరుధ్యం వెతకడం అన్యాయం. ఆటగాడు దేశం మారితే అది ద్రోహం, కోచ్ మారితే అది ఉద్యోగం.

ద్రోహికి శిక్ష పడిందా అంటే పడింది. 2014 జూన్ 13న సాల్వడార్ స్టేడియంలో కోస్టా కాలికి బంతి తగిలినప్పుడల్లా జనం అరిచి గోల చేశారు. సాల్వడార్ ఎక్కడో లేదు, అతని సొంత రాష్ట్రానికి పొరుగున ఉన్న బహియాకు రాజధాని. ఆ రోజు నెదర్లాండ్స్ చేతిలో స్పెయిన్ 1-5తో చిత్తయింది. ధర్మం గెలిచిందని అందరూ సంతోషిస్తుండగానే, నెల తిరక్కుండా బెలో హొరిజోంతెలో బ్రెజిల్ 1-7తో జర్మనీకి దాసోహమంది. ఆ రోజు బరిలో దిగిన పదకొండు మందీ బ్రెజిల్ గడ్డ మీద పుట్టినవారే, ఒక్కరి దేశభక్తికీ వంక పెట్టడానికి లేదు. జర్మనీ తరఫున రెండో గోలు కొట్టి, ప్రపంచకప్‌లలో 16 గోల్స్‌తో అప్పటి రికార్డు సాధించిన క్లోజె మాత్రం పోలండ్‌లో పుట్టాడు. అది వేరే విషయం.

ఇదంతా ఈ కాలపు డబ్బు జబ్బు, పూర్వం ఇలా లేదు అని నాలాంటి పెద్దలు అంటుంటారు. పూర్వం ఎలా ఉండేదో చూద్దాం. 1930 ప్రపంచకప్ ఫైనల్లో అర్జెంటీనాకు ఆడి ఓడిన లూయిస్ మోంతి, 1934 ఫైనల్లో ఇటలీకి ఆడి గెలిచాడు. అది ముసోలినీ ఇటలీ, జాతి ఔన్నత్యం గురించి పొద్దున లేస్తే బాకా ఊదే ప్రభుత్వం. ఆ స్వచ్ఛమైన జాతీయ జట్టులో మోంతితో పాటు అర్జెంటీనాలో పుట్టినవారు ఇంకా ముగ్గురున్నారు. వీళ్ళెవరని అడిగినవారికి కోచ్ విత్తోరియో పోజో, ఇటలీ కోసం చావగలిగినవాళ్ళు ఇటలీ కోసం ఆడగలరు అని బదులిచ్చాడంటారు. అద్భుతమైన మాట. మరుసటి ఏడు అబిసీనియా (నేటి ఇథియోపియా) మీద యుద్ధం ముంచుకొచ్చింది. సైన్యంలోకి పట్టుకుపోతారని భయం పుట్టగానే, ఆ నలుగురిలో ఒకడైన ఎన్రికె గ్వైతా గుట్టుచప్పుడు కాకుండా సరిహద్దు దాటి పారిపోయాడు. కోచ్‌గారి వాక్యంలో ఆడగలరన్న సగం మాత్రం అప్పటికే రుజువై ఉంది.

ఇక ప్రపంచ ఫుట్‌బాల్‌ను ఏలే ఫిఫా నిబంధనలు. తెలుగువాడికి ఇవి చదివితే సొంత ఊరికి వచ్చినట్టు ఉంటుంది. కొత్త పౌరసత్వం మీద ఆడాలంటే ఆటగాడు అక్కడ పుట్టి ఉండాలి, లేదా తల్లో తండ్రో పుట్టి ఉండాలి, లేదా తాతయ్యో నాయనమ్మో అమ్మమ్మో పుట్టి ఉండాలి. ఏదీ కుదరకపోతే అక్కడ ఐదేళ్ళు నివసించి ఉండాలి. పదేళ్ళు నిండకముందే వచ్చినవాడికి మూడేళ్ళు చాలు. ఐదేళ్ళంటే మనకు నవ్వొస్తుంది. ముల్కీ అనిపించుకోవడానికి పదిహేనేళ్ళ నివాసం చూపించవలసిన గడ్డ ఇది. పిల్లవాడు వరుసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివాడన్న ప్రశ్న మీద, వైద్య కళాశాల సీటు కోసం, సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన జనం మనం. స్థానికుడెవరు, స్థానికేతరుడెవరు అన్న శాస్త్రంలో మనకున్న పాండిత్యం ఫిఫా కొలువుదీరిన జ్యూరిక్‌లో ఎవరికుంది? ఈ పనిని ఫిఫా ఏదో ఒక మండల తహసీల్దారు కార్యాలయానికి అప్పగించి ఉంటే, ఆటగాడి అమ్మమ్మ ఏ ఊళ్ళో పుట్టిందో తేలేలోగా వాడి మోకాళ్ళు అరిగిపోయేవి, వివాదం దానంతట అదే సమసిపోయేది.

మలేసియావాళ్ళకు ఈ నిదానం నచ్చలేదు. 2025 జూన్‌లో వాళ్ళు వియత్నాంను 4-0తో ఓడించారు. విదేశాల్లో పుట్టిన ఏడుగురు ఆటగాళ్ళకు తాతలో, అమ్మమ్మలో మలేసియాలో పుట్టారని కాగితాలు చూపించారు. ఫిఫా అసలు రిజిస్టర్లు తెప్పించి చూస్తే ఆ పెద్దలంతా అర్జెంటీనాలో, బ్రెజిల్‌లో, నెదర్లాండ్స్‌లో, స్పెయిన్‌లో పుట్టినట్టు తేలింది. మలేసియా ఫుట్‌బాల్ సమాఖ్యకు మూడున్నర లక్షల స్విస్ ఫ్రాంకుల జరిమానా, ఆటగాళ్ళకు ఏడాది నిషేధం విధించింది. సిబ్బంది చేసిన సాంకేతిక పొరపాటు అని సమాఖ్య వివరణ ఇచ్చుకుంది. ఆ మాట వినగానే నాకు మలేసియా మీద అమాంతం ఆత్మీయత పుట్టుకొచ్చింది. ఏడుగురు వృద్ధులు చనిపోయాక ఖండాలు దాటి మళ్ళీ పుట్టడాన్ని సాంకేతిక పొరపాటు అనగలిగిన కార్యాలయం మన జిల్లాల్లో ఎక్కడున్నా రాణిస్తుంది.

అయితే ఈ వ్యవహారం మొత్తంలో నన్ను అందరికంటే ఎక్కువగా కదిలించినవాడు మునిర్ ఎల్ హద్దాది. స్పెయిన్‌లో పుట్టాడు, తండ్రిది మొరాకో. 2014 సెప్టెంబరు 8న, 19 ఏళ్ళ వయసులో, మాసిడోనియాతో యూరో అర్హత మ్యాచ్‌లో స్పెయిన్ తరఫున 77వ నిమిషంలో మైదానంలోకి వచ్చాడు. స్పెయిన్ 5-1తో గెలిచిన ఆట అది. అతను రాకపోయినా ఆకాశం ఊడిపడేది కాదు. ఆడింది 13 నిమిషాలు. ఆ తర్వాత స్పెయిన్ సీనియర్ జట్టులో అతనికి మళ్ళీ ఆడే భాగ్యం కలగలేదు. కానీ అది అధికారిక పోటీ మ్యాచ్ కాబట్టి, ఆ 13 నిమిషాలతో అతను జీవితాంతం స్పెయిన్ సొత్తు అయిపోయాడు. 2018 ప్రపంచకప్‌కు ముందు, మీకు అక్కరలేదు కదా, మొరాకోకు ఆడుకుంటాను అని అడిగితే ఫిఫా కుదరదంది, క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానమూ కుదరదంది. చివరికి 2020లో ఫిఫా నిబంధననే సడలించింది. 21 ఏళ్ళు నిండకముందు మూడు మ్యాచ్‌లకు మించి ఆడకుండా, పెద్ద టోర్నమెంటులో అడుగుపెట్టకుండా ఉండి, మూడేళ్ళు గడిస్తే మారవచ్చునంది. మునిర్ మొరాకో చొక్కా తొడుక్కునేసరికి 2021 మార్చి వచ్చింది. లెక్క వేస్తే ఒక్కో నిమిషానికి ఆరు నెలల శిక్ష పడింది. కొందరికిది కఠినంగా కనిపించవచ్చు. నాకైతే దేశభక్తికి ఇంత కచ్చితమైన కొలమానం ఇంకెక్కడా కనిపించలేదు.

ఒక మిత్రుడు ఈ సందర్భంలో తలతిక్క ప్రశ్న వేశాడు. స్పెయిన్ అతణ్ణి ఆరేళ్ళకు పైగా వద్దనుకోవచ్చు కానీ, అతను స్పెయిన్‌ను వద్దనుకోకూడదా అని. ప్రపంచకప్‌కు వెళ్ళే 26 మందిని ఎంపిక చేసినప్పుడు, దేశం కోసం ప్రాణమిచ్చే మిగతా వేలమందిని ప్రతి కోచ్ నిర్దాక్షిణ్యంగా ఇంటికి పంపుతాడు కదా, దాన్ని ద్రోహం అనరేం అని. ఇలాంటివారితో స్నేహం తగ్గించుకోవాలి.

2022 డిసెంబరు 6న కతార్‌లో జరిగినది చూసి తట్టుకోవడానికి కూడా గుండె నిబ్బరం కావాలి. స్పెయిన్, మొరాకో పెనాల్టీ కిక్‌ల దాకా వెళ్ళాయి. నిర్ణాయకమైన కిక్ అష్రఫ్ హకీమీది. మాడ్రిడ్‌లో పుట్టాడు, రియల్ మాడ్రిడ్ అకాడమీలో ఆట నేర్చాడు. తల్లి ఇళ్ళు శుభ్రం చేసేది, తండ్రి వీధుల్లో సరుకులు అమ్మేవాడు. గోల్‌కీపర్ ఒక పక్కకు దూకాడు. హకీమీ బంతిని గోలు నడిమధ్యకు మెల్లగా తేలించి వదిలాడు. జన్మభూమిని ఓడించేటప్పుడు కనీసం గట్టిగా తన్నాలన్న మర్యాద కూడా లేదు. స్పెయిన్ రక్షణ శ్రేణిలో ఆ రోజు నిలబడిన లాపోర్త్ ఫ్రాన్స్‌లో పుట్టి, 2021లో స్పెయిన్ పౌరుడైనవాడు. మొరాకో గోల్‌కీపర్ బూనూ పుట్టింది కెనడాలో. ఐదు రోజుల ముందు ఆ కెనడానే మొరాకో 2-1తో ఓడించింది. కెనడా తరఫున ఆడిన అల్ఫాన్సో డేవిస్ ఘనాలోని శరణార్థి శిబిరంలో పుట్టాడు. మొరాకో జట్టు 26 మందిలో 14 మంది దేశం బయట పుట్టినవారే. ఇంత కలగాపులగమైన జట్టు ప్రపంచకప్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆఫ్రికా జట్టు కావడం యువతకు ఎలాంటి సందేశం ఇస్తుందో ఆలోచించండి.

గెలిచినప్పుడు జర్మన్‌ని, ఓడినప్పుడు వలసదారుణ్ణి అని 2018లో టర్కీ మూలాలున్న జర్మనీ ఆటగాడు మెసుత్ ఓజిల్ వాపోయి జట్టు వదిలేశాడు. పాపం, ఆయన దాన్ని ఫిర్యాదుగా చెప్పాడు. చాలా దేశాలు దాన్నే విధానంగా పాటిస్తున్నాయి.

ఈ అరాచకంలో నిష్కళంకంగా నిలిచినది మన దేశం. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం, ఇష్టపడి మరో దేశ పౌరసత్వం పుచ్చుకున్న భారతీయుడు ఇక భారతీయుడు కాదు. విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డున్నవాడు ఇక్కడ ఇల్లు కొనుక్కోవచ్చు, పొలం కొనకూడదు, జాతీయ జట్టు చొక్కా తొడుక్కోనే కూడదు. ఆ విధంగా ద్రోహులు లేని జట్టును నిర్మించుకున్నాం. గోల్స్ కూడా లేకపోవడం యాదృచ్ఛికం. గోల్స్ కోసం సునీల్ ఛేత్రిని 40 ఏళ్ళ వయసులో రిటైర్మెంటు నుంచి వెనక్కి పిలిపించుకున్నాం. ఇంగ్లండ్‌లో పుట్టి ఆ దేశపు అండర్-21 జట్టుకు ఆడిన హమ్జా చౌదరిని బంగ్లాదేశ్ తెచ్చుకుంది. 2025 నవంబరులో ఢాకాలో మనల్ని 1-0తో ఓడించింది. తల్లి ముంబైలో పుట్టినందున ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదులుకుని భారతీయుడైన రయన్ విలియమ్స్, ఆస్ట్రేలియా నుంచి కాగితం ఒకటి రాక ఆ మ్యాచ్ ఆడలేకపోయాడు. ఓడాం గానీ, కాగితాల విషయంలో మనకు వంక పెట్టగలిగినవాడు లేడు.

2006 ప్రపంచకప్‌లో ఫ్రాన్స్‌కు ఆడిన వికాశ్ దొరసూ తెలుగు మూలాలున్న మారిషస్ కుటుంబంలోనివాడు. నా సిద్ధాంతం ప్రకారం అతనికీ మనకూ ఏ సంబంధమూ లేదు. అయినా అతను రెండు మ్యాచ్‌లలో ఆఖర్లో కాసేపు దిగినందుకు నేను ఇప్పటికీ గర్వపడుతూనే ఉన్నాను. ఎవరైనా మనల్ని వదిలివెళ్ళడం తప్పు గానీ, పైకొచ్చినవాడిని మనవాడనుకోవడంలో తప్పేముంది?

మా మనవడు డాలస్‌లో పుట్టాడు. పదకొండేళ్ళవాడు, బడి జట్టులో ఆడతాడు, ఎడమకాలు బాగా తిరుగుతుందని కోచ్ అన్నాడట. అమెరికా పాస్‌పోర్టు ఉన్నంతకాలం వాడు భారతదేశానికి ఆడలేడని చెప్పినప్పుడు ఇంటిల్లిపాదీ దిగులుపడ్డారు. అయితే పాస్‌పోర్టు మార్పించండి అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా కోడలు టీ పెట్టడానికి లేచింది. వాణ్ణే తేల్చమందామని, పెద్దయ్యాక ఏ దేశానికి ఆడతావురా అని గంభీరంగా అడిగాను. అర్జెంటీనాకు అన్నాడు, మెస్సీ అక్కడివాడు కదా తాతయ్యా అని కారణం కూడా చెప్పాడు. అప్పటినుంచి మా వంశంలో అర్జెంటీనాలో పుట్టిన ముత్తవ్వ ఎవరైనా ఉందేమోనని పాత దస్తావేజులు తీయిస్తున్నాను. లేకపోతే, మలేసియాలో ఆ పని చేసిపెట్టిన సిబ్బంది ఇప్పుడు ఖాళీగానే ఉండి ఉంటారు.