మా ఆయన బ్లాగు కాపురం మార్చిన వైనం

మా ఆయనకి ఒక బ్లాగుంది. అందులో రాసేది ఏ ఉగాదికో, సంక్రాంతికో. మిగతా కాలమంతా ఆ బ్లాగు ఎక్కడుండాలి అన్నదాని మీదే ధ్యాస. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతారు కాబట్టి ఆయన ఆలోచించడమంటే ఊరికే కూర్చుని చేసే పని కాదు. కాగితం మధ్యలో నిలువుగా గీత గీసి, అటు లాభాలు ఇటు నష్టాలు రాసి, అడుగున మొత్తం వేయాలి. పాలవాడి లెక్క రాసుకునే నోటుపుస్తకంలో సగం పేజీలు ఈ గీతలే. పాలవాడు కూడా ఒకటి రెండుసార్లు ఆసక్తిగా చూశాడు, తన మీదేమో అని.

మొదట్లో అంతా గూగుల్ వాళ్ళ బ్లాగర్‌లోనే సాగింది. తెలుగు రాసుకునే సైటు లేఖినిలో టైపు చేయడం, దాన్ని తెచ్చి బ్లాగులో అతికించడం, తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించే కూడలిలో తన టపా కనబడిందా లేదా అని పొద్దస్తమానం చూసుకోవడం. కనబడిన రోజు ట్రంకు రోడ్డు నుంచి నాకు మలై ఖాజాలు వచ్చేవి. అందుకని బ్లాగర్ మీద నాకిప్పటికీ అభిమానమే.

తర్వాత భయం పట్టుకుంది. 2013లో గూగుల్ వాళ్ళు గూగుల్ రీడర్ మూసేశారు. "ఇంక మనదే" అన్నారు ఈయన. 2014లో ఆర్కుట్ మూసేశారు. అప్పుడూ అదే మాట. 2019లో గూగుల్ ప్లస్ కూడా తీసేసినప్పుడు రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. 1999లో ఎవరో మొదలుపెట్టిన బ్లాగర్‌ని 2003లో గూగుల్ కొనుక్కుందట. కొనుక్కున్నవాళ్ళు కన్నవాళ్ళంత జాగ్రత్తగా చూస్తారా అని ఆయన బెంగ. ఇంతా చేసి బ్లాగర్ ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. మా ఆయన బరువే తగ్గింది.

వర్డ్‌ప్రెస్‌కి పోదామా అన్నారు. అది రెండు రకాలట. డాట్ కామ్ అయితే వాళ్ళే ఉంచి చూసుకుంటారు, మన సొంత పేరు తగిలించుకోవాలంటే మాత్రం డబ్బు కట్టాలి. డాట్ ఆర్గ్ అయితే సాఫ్ట్‌వేర్ ఊరికే ఇస్తారు, పెట్టుకునే చోటు మనం కొనుక్కోవాలి. ఈ తేడా నాకు ఇడ్లీ రేకులు తోముతుంటే ఒకసారి చెప్పారు, పప్పు తాలింపు వేస్తుంటే ఒకసారి చెప్పారు, మూలాపేటలో మా పిన్నమ్మ మనవరాలి బారసాలలో నాతోపాటు పురోహితుడికి కూడా చెప్పారు. ఆయన మంత్రం ఆపి, "డాట్ ఆర్గే మేలు సార్" అన్నాడు. ఆయనకీ ఒక సైటుందట.

మీడియం అన్నారు కొన్నాళ్ళు. అది 2012లో వచ్చింది. దాన్ని పెట్టిన ఎవాన్ విలియమ్స్, బ్లాగర్ మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు. "చూశావా, బ్లాగర్ చేసినాయనే అందులో లేడు" అన్నారు. "అమ్ముకున్నాక ఇంకా అక్కడే ఎందుకుంటాడండీ" అన్నాను. ఆ పేజీ అక్కడితో ఆగింది. సబ్‌స్టాక్ గురించి కూడా ఒక గీత పడింది. అందులో పాఠకుల దగ్గర చందా తీసుకోవచ్చట. మా ఆయన రాసింది చదవడానికి డబ్బు కట్టే మనిషెవరా అని ఇద్దరం కలిసి ఆలోచించాం. లాభాల వైపు ఖాళీగానే మిగిలింది.

ఇదంతా ఇట్లా గడిచిపోయేది. మా అక్క కొడుకు సెలవులకి రాకపోతే.

వాడు ఇంజనీరింగ్ మూడో ఏడు. వచ్చీ రాగానే, "బాబాయ్, బ్లాగరంటే అద్దిల్లు. ఇంటాయన పొమ్మన్న రోజు మూటాముల్లె సర్దుకోవాల్సిందే. సొంతిల్లు కట్టుకో" అన్నాడు.

"ఇన్నేళ్ళలో అద్దె ఎంత కట్టారండీ?" అనడిగాను.

"అద్దా? అది ఉచితం గదా" అన్నారు.

"సొంతింటికో?"

"ఏడాదికోసారి హోస్టింగుకి, అంటే పెట్టుకునే చోటుకి కట్టాల పిన్నీ. పేరుకి వేరే" అన్నాడు వాడు.

అద్దె లేని అద్దింట్లోంచి లేచి, ఏటేటా డబ్బు కట్టే సొంతింటికి పోయే తెలివైనవాళ్ళు నెల్లూరు మొత్తం మీద మా ఇంట్లోనే ఉన్నారని అప్పుడే తేలింది. ఆ ఏడు రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు దగ్గరికి పోతే, ఈయన నీళ్ళలో దిగి ఎవరి దగ్గరో సొంతింటి రొట్టె పట్టుకుని, కళ్ళకద్దుకుని తిన్నారు. నా కళ్ళు చెమర్చాయి. వేదాయపాలెం వైపు స్థలమేదో చూసి నాతో చెప్పకుండా దాచారనుకున్నాను. ఆటోలో అడిగితే, "స్థలమే. పది జీబీ" అన్నారు.

మొత్తానికి కాపురం మారింది. ఎక్కడికి మారారో పేరు చెప్పను. చెబితే మా ఆయన దాన్ని వెనకేసుకొస్తూ మళ్ళీ మొదలుపెడతారు. మా అక్క కొడుకు పాత బ్లాగు మొత్తాన్ని ఒకే ఫైలుగా దించి, కొత్త చోట ఎక్కించాడు. రాతలొచ్చాయి. ఫోటోలు మాత్రం పాత చోటనే ఉండి అక్కడి నుంచే కనబడతాయట. "మరి ఆ అద్దింటాయన పొమ్మంటే?" అన్నాను. వాడు ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

కొత్త చోట రాయడానికి విషయం కావాలి గదా. దేవుడే పంపినట్టు ఆ వారమే కావలిలో ఉండే మా ఆయన పెదనాన్న తిరుమలకి బయల్దేరారు. డెబ్బై దాటాయి. మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు చెప్పి చాలా కాలమైంది. కారులో తీసుకుపోతానని ఈయన బతిమాలితే, "కారులో పొయ్యేదానికి మొక్కెందుకురా" అని, అలిపిరి దగ్గర 3,550 మెట్లూ ఎక్కుతానని పెద్దత్తయ్యని వెంటబెట్టుకుని బస్సెక్కేశారు. మా ఆయన ఆ రాత్రి ఒక్క బిగిన రాసేశారు. నిజం చెప్పొద్దూ, బాగానే రాశారు. పేరు మాత్రం చాలాసేపు కుదరలేదు. చివరికి "మా కావలి పెదనాన్న పోయారు కొండకి, మోకాళ్ళ నొప్పులతోనే" అని పెట్టారు. "కొండకి పోయారు అనరాదా" అన్నాను. క్రియ ముందు పడితేనే ఊపు వస్తుందట.

పొద్దున్నే అచ్చేసి, లింకు కుటుంబం వాట్సాప్ గ్రూపులో పడేసి, కాలేజీకి పోయారు. క్లాసులో ఫోను పెట్టుకోరు. నేను పెన్నా చేపలు దొరికితే పులుసు పెడదామని కడగడానికి కూర్చున్నా. నా ఫోను లోపల చార్జింగులో ఉంది.

ఆ లింకు ఫోనులో చూస్తే ఒక్క అక్షరం తెలుగు లేదు. పర్సెంటు ఈ సున్నా, పర్సెంటు బీ సున్నా అంటూ మూడు వరసలు. "ఏంది నాయనా ఇది, లాటరీ నంబరా" అని చిన్నత్త అడిగింది. ఎవరూ తెరిచినట్టు లేదు, ఒంగోలు బావ తప్ప.

ఒంగోలు బావంటే మా ఆయన మేనత్త కొడుకు, నాకు అన్నయ్య వరస. ఆలోచించి చేసే రకం కాదు, చేశాక ఆలోచించే రకం. ఆయన ఆఫీసులో పెద్ద కంప్యూటర్ మీద తెరిచాడు. సరిగ్గా ఆ వేళకి మాకు చోటు అమ్మినవాళ్ళ దగ్గర డేటాబేసు పడకేసింది. పేజీ అంతా తెల్లగా ఉండి మధ్యలో ఒక్క వాక్యం ఇంగ్లీషులో వచ్చిందట. కానీ పైన అడ్రసు రాసే గీతలో మాత్రం, పర్సెంట్లూ సున్నాలూ పోయి, ముత్యాల్లాంటి తెలుగు కనబడింది:

మా-కావలి-పెదనాన్న-పోయారు

అంతే. ఆ తర్వాత ఏమీ లేదు.

బావ గ్రూపులో "ఓం శాంతి" పెట్టాడు. కింద పెద్దాయన ఫోటో. పోయిన పెళ్ళిలో తీసింది, చేతిలో ఐస్‌క్రీం కప్పు కత్తిరించి మరీ పెట్టాడు.

ఇంక చూడండి. "ఎప్పుడు?" అని ఒకరు. "రాత్రి అయ్యుంటుంది" అని ఇంకొకరు, ఎవరినీ అడక్కుండానే. "మొన్ననే మోకాళ్ళ నొప్పులన్నాడే." "మోకాళ్ళ నొప్పులకి పోతారా?" "గుండెకి పాకుతుంది." "మంచి మనిషి." "ధర్మాత్ముడు." మధ్యలో ఒకరెవరో ఏదో పెట్టి, వెంటనే తీసేశారు. అదేమిటో, ఎవరిదో ఇప్పటిదాకా ఒప్పుకున్నవాళ్ళు లేరు. ఆయన దగ్గర డబ్బు రావాల్సినవాళ్ళు కుటుంబంలో ముగ్గురున్నారని మాత్రం నాకు తెలుసు.

పెద్దాయనకే ఫోను చేసి చూశారు కొందరు. స్విచ్ఛాఫ్. దర్శనానికి పోయేవాళ్ళు ఫోను డిపాజిట్ చేసి పోవాలి గదా. కావలిలో పక్కింటామెకి చేస్తే, "ఇంటికి తాళం ఏసుంది. నిన్న చీకటితోనే ఇద్దరూ సంచి పట్టుకుని ఆటో ఎక్కారు" అంది పాపం, ఉన్నదున్నట్టు. ఆటో అంటే ఆస్పత్రేనని గ్రూపు తీర్మానించింది.

నేను చేతులు కడుక్కుని ఫోను ఎత్తేసరికి ఒంగోలు అన్నయ్య గొంతు. వెనక బస్టాండు రొద.

"అమ్మాయ్, కావలికి వొచ్చేశా. ఇంటికి తాళముండాది. మామయ్యని యాడనుంచి తెస్తుండారు?"

"కొండ నుంచి అన్నయ్యా. రేపొస్తారు" అన్నాను.

"కొండ మీద పోయాడా!" అని గొంతు వణికింది. "పుణ్యాత్ముడమ్మా. ఎంతమందికి దొరుకుద్ది ఆ చావు. నువ్వేం చేస్తుండావు? ఏడ్చి ఏడ్చి ఉంటావు."

"చేపలు కడుగుతుండా అన్నయ్యా."

అవతల చాలాసేపు మాట లేదు. చివరికి, "సరేలేమ్మా, ఎవరి పద్ధతులు వాళ్ళవి. నేను నెల్లూరికే వస్తుండా, దండ కూడా ఉండాది" అని పెట్టేశాడు. దండ ఎందుకో నాకు అప్పటికీ తట్టలేదు. ఫోనులో గ్రూపు తెరిచాక తట్టింది.

మధ్యాహ్నం ఈయన వచ్చి, సంగతి విని, ముందు పెదనాన్న గురించి కంగారుపడలేదు. నోటుపుస్తకం తీశారు. మా అక్క కొడుకు ఫోనులో చెబుతుంటే ఇటు లెక్క వేశారు. తెలుగు అక్షరం ఒక్కోటి లింకులోకి పోయేసరికి పర్సెంట్లతో కలిపి 9 గుర్తులవుతుందట. గుణింతం, ఒత్తు కూడా విడిగా లెక్కే. ఆ సాఫ్ట్‌వేర్‌లో లింకు పేరుకున్న చోటు 200. మా 2, కావలి 5, పెదనాన్న 8, పోయారు 6. మొత్తం 21. ఇరవయ్యొకటి తొమ్ముదులు 189. మధ్య అడ్డగీతలు 3 కలిపితే 192. ఇంకో గీతతో 193. మిగిలింది 7. "కొండకి"లో మొదటి అక్షరానికి కావాల్సింది 9.

"రెండు! రెండంటే రెండు చాల్లేదే!" అని నా వైపు తిప్పి చూపించారు. ఏ పిల్లవాడి పేపరు దిద్దినప్పుడూ ఆయన ముఖంలో అంత వెలుగు చూడలేదు.

"ఆ 'క' ఒకటి పట్టినా ఏం ఒరిగేదండీ" అన్నాను. "మా కావలి పెదనాన్న పోయారు క" అని ఉండేది. పాత చోట తెలుగులో ఏ పేరు పెట్టినా లింకు చివర బ్లాగ్ పోస్ట్ అనీ, పక్కన ఏదో అంకె అనీ వచ్చేది. అర్థం లేదు కాబట్టి అనర్థమూ లేదు. లింకు పేరు మన చేత్తో ఇంగ్లీషులో పొట్టిగా రాసుకోవచ్చట. ఆ సంగతి మా అక్క కొడుకు అప్పుడు చెప్పాడు, చాలా మామూలుగా.

సాయంత్రానికి గ్రూపు మొత్తం సద్దుమణిగింది. పెద్దాయన గురించి అందరికీ చెప్పేశాం, పెద్దాయనకి తప్ప. దర్శనం చేసుకుని, ఫోను తీసుకుని, ఆయన గ్రూపు తెరిచి, అడుగు నుంచి చదివినట్టున్నారు. ఉన్నట్టుండి ఆయన పేరు మీద మెసేజొచ్చింది.

"ఓం శాంతి. ఎవురు పోయింది?"

ఎవరూ పలకలేదు. కాసేపటికి ఆయనే పైకి జరుపుకుంటూ పోయి తన ఫోటో చూసుకున్నట్టున్నారు. ఈయనకి ఫోను వచ్చింది. స్పీకరులో పెట్టారు. తిట్లు తప్పవనుకుని నేను గరిట పట్టుకుని వంటింటి గుమ్మంలోనే నిలబడ్డా.

"ఒరే అబ్బయ్యా, మంచి మనిషన్నారు, ధర్మాత్ముడన్నారు, సంతోషం. ఆ తీసేసిన మెసేజీ ఎవురిదిరా? అందులో ఏముండాది?"

ఈయన నీళ్ళు నమిలారు.

"కనుక్కో. లడ్లు పంచేటప్పుడు నాకు తెలియాల" అని పెట్టేశారు.

రాత్రి ఎనిమిదింటికి ఒంగోలు అన్నయ్య దిగాడు, చేతిలో బంతిపూల దండతో. కావలిలో కొన్నదట, మంచి బరువైంది. పారేయలేక వేంకటేశ్వరస్వామి పటానికి వేశాం. పటం పూర్తిగా మునిగిపోయి, పైన కిరీటం ఒక్కటే మిగిలింది. చేపల పులుసుతో రెండుసార్లు అన్నం కలుపుకుని, చెయ్యి కడుక్కుని, ఈయన పక్కన చేరి గొంతు తగ్గించాడు.

"అది కాదు గానీ బావా, నేనూ ఒక బ్లాగు పెడదామనుకుంటుండా. ఏది మంచిదంటావు?"

మా ఆయన నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పి, మధ్యలో నిలువుగా గీత గీశారు. "ముందు నువ్వు తేల్చుకోవాల్సింది బావా, డాట్ కామా, డాట్ ఆర్గా..."

నేను హాల్లో ఇంకో పరుపు వేశాను.