ఖలీఫాల పాలనలో కొన్ని లోపాలు

రంజాన్ నెలలో ఇఫ్తార్ విందుకు వెళ్లిన నాయకుడు ఖర్జూరం నోట్లో వేసుకోగానే ముహమ్మద్ ప్రవక్త తర్వాత ముస్లింలను పాలించిన ఖలీఫాల్లో రెండోవారైన ఉమర్ పాలనను పొగడటం మనకు ఆనవాయితీ. పొగడ్త వరకు నాకు అభ్యంతరం లేదు. ఎవరైనా పొరపాటున ఆచరణలో పెడతారేమోనన్నదే నా భయం.

మొదటి ఖలీఫా అబూబకర్ సంగతే చూడండి. 632లో పదవి చేపట్టి, మర్నాడే బట్టలు భుజాన వేసుకుని అమ్ముకోవడానికి బజారుకు బయలుదేరారట. పదవిలో ఉంటూ వ్యాపారం మానకపోవడం వరకు మనవాళ్లకు తగినవారే. కానీ తోటివారు ఆపి ఖజానా నుంచి భత్యం ఏర్పాటు చేస్తే, పోయేముందు ఆ సొమ్మును ఖజానాకు తిరిగి ఇచ్చేయమన్నారు. వారసులకు ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

ఉమర్ మరీ దుడుకు మనిషి. ఇరాక్‌లోని కూఫా నగరానికి గవర్నర్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ అంటే సామాన్యుడు కాదు, ఖాదిసియా యుద్ధంలో పర్షియన్ సేనను ఓడించిన వీరుడు. ఇంటి పక్కనే సంత. ఆ గోల పడలేక పాపం ఒక తలుపు పెట్టించుకున్నారు. జనం దాన్ని 'సాద్ కోట' అనడం మొదలుపెట్టారు. జనానికీ గవర్నర్‌కూ మధ్య తలుపు అడ్డొచ్చిందన్న సంగతి రాజధాని మదీనాలో ఉన్న ఉమర్‌కు చేరింది. నోటీసు లేదు, విచారణ సంఘం లేదు. ఉమర్ పంపిన ముహమ్మద్ బిన్ మస్లమా నేరుగా కూఫా వెళ్లి, కట్టెలు కొని, తలుపు తగలబెట్టి వెనుదిరిగారని చరిత్రకారుడు తబరీ రాశారు. సాద్ ఇవ్వబోయిన దారి ఖర్చులూ పుచ్చుకోలేదట! తనిఖీకి వచ్చిన అధికారి బండిలో ఒక మామిడిపండ్ల బుట్ట అయినా పెట్టకుండా పంపడం మన మర్యాదేనా?

ఇదే ఇక్కడ అమలు చేయాలంటే ముందు కట్టెలకు టెండర్లు పిలవాలి. పైగా మనకున్నది ఒక్క తలుపు కాదు. గేటు, బారికేడ్లు, సందర్శకుల రిజిస్టరు, వాటన్నిటికీ ఆవల పీఏ. కట్టెలతో పోయేవాడు కాదాయన.

గవర్నర్లను నియమించేటప్పుడే ఉమర్ వారి ఆస్తుల పట్టీ రాయించేవారు. తరువాత అనుమానం కలిగేంతగా పెరిగితే సగం ఖజానాకు లాగేసుకునేవారు. సుప్రీంకోర్టు పుణ్యమా అని మన అభ్యర్థులూ 2003 నుంచి ఆస్తుల అఫిడవిట్లు ఇస్తున్నారు. అంటే పట్టీ దాకా వచ్చాం. లాగేసుకునే భాగం ఇంకా అరబ్బీలోనే ఉంది. ఐదేళ్లకోసారి పెరిగిన అంకెలు చదివి, చేవగలవాడని మురిసి, మళ్లీ ఓటేస్తున్నాం.

అన్నిటికంటే పెద్ద లోపం ప్రచారం. ఒక రాత్రి గస్తీలో, పిల్లలను ఊరడించడానికి ఉత్త నీళ్లు మరగబెడుతున్న ఒక తల్లి కనిపిస్తే, ఉమర్ గోదాముకు వెళ్లి పిండిమూట తన వీపు మీదే మోసుకొచ్చారట. అదీ చీకట్లో. తానెవరో ఆమెకు చెప్పలేదు. మూటపై బొమ్మ లేదు. వెంట ఉన్న సేవకుడు అస్లం తాను మోస్తానంటే, "ప్రళయ దినాన నా బరువు నువ్వు మోస్తావా?" అని కసిరారట. మన దగ్గర అస్లంలకు కొరత లేదు. మూటతో పాటు కేసు కూడా వాళ్ల నెత్తినే పెట్టవచ్చు.