షోపాన్‌కు నాలుగు శతాబ్దాల ముందటి పోలండ్

పోలండ్ సంగీతం అంటే మనకు పందొమ్మిదో శతాబ్దపు స్వరకర్త షోపాన్. పోలిష్ శ్రోతలు ఇంకాస్త వెనక్కి వెళ్లినా, చాలామంది యుద్ధగీతంగా పేరుపడ్డ పాత కీర్తన ‘బోగురొజిత్సా’ దగ్గరే ఆగిపోతారు. 966లో పాలకుడు మియెష్కో క్రైస్తవం పుచ్చుకున్నాక లాటిన్ చర్చి గానం ఆ నేల మీద వేళ్లూనుకుంది. ఆ తర్వాతి ఐదు వందల ఏళ్ల సంగీతాన్ని ఒక్క యుద్ధగీతానికి కుదించేయడం దానికి చేస్తున్న అన్యాయమే.

‘బోగురొజిత్సా’ గొప్పతనం గురించి పేచీ లేదు. మేరీ మాతను వేడుకునే ఈ కీర్తన పోలిష్ భాషలో మిగిలిన అతి పాత పాట. స్వరాలతో సహా దొరికిన మొదటి ప్రతి 1407 నాటిది. లాటిన్ ప్రసంగాల సంపుటి ఒకదానికి అట్ట లోపలి వైపున రెండు చరణాలు రాసి ఉన్నాయి. ఆ సంపుటి ఇప్పుడు క్రాకోవ్‌లోని యాగెలోనియన్ లైబ్రరీలో ఉంది. 1410లో గ్రున్‌వాల్డ్ యుద్ధానికి ముందు సైనికులు ఈ పాట పాడారని చరిత్రకారుడు యాన్ ద్వుగోష్ రాశాడు. ఆయన పుట్టిందే 1415లో. తండ్రి ఆ యుద్ధంలో పోరాడినవాడు కనుక ఇంట్లో విన్న మాటే అయ్యుండొచ్చు. అప్పటి నుంచీ పాటకు యోధుల ముద్ర పడిపోయింది. కానీ ఒకసారి విని చూడండి. కవాతుకు పనికొచ్చే నడక అందులో లేదు. ఒక్కో అక్షరాన్ని పలు స్వరాల మీదుగా సాగదీస్తూ, మెల్లగా పైకెక్కి దిగుతుంది. చరణం చివర ‘కీరియే ఎలెయిసోన్’ అంటూ దయ చూపమని అడుగుతుంది. వినేవాడికి అందులో తెలిసేది ప్రార్థన.

ఇంతకన్నా నన్ను ఆశ్చర్యపరిచేది దక్షిణాన కొండల దగ్గరున్న చిన్న ఊరు స్టారీ సోంచ్. హంగరీ రాజకుమార్తె కింగా 1280లో అక్కడ సన్యాసినుల మఠం నెలకొల్పింది. పారిస్‌లోని నోత్రదామ్ చర్చి గాయకులు తీర్చిదిద్దిన బహుస్వర గానానికి (పలు గొంతులు ఒకేసారి వేర్వేరు బాణీలు పాడే పద్ధతికి) చెందిన తోలుకాగితపు ముక్కలు ఆ మఠం గ్రంథాల్లో బయటపడ్డాయి. పాతబడిపోయిందని ఎవరో పట్టీలుగా కోసి బైండింగుకు వాడేశారు. అలా కోయబట్టే మనకు మిగిలింది! పారిస్‌లో కొత్తగా పుట్టిన పద్ధతి ఇంత దూరం నడిచొచ్చిందంటే, పోలండ్ ఒక మూలన పడి ఉన్న దేశమన్న మాట నిలవదు.

పదిహేనో శతాబ్దపు తొలి దశాబ్దాలకు వస్తే రాదోమ్‌కు చెందిన మికోవాయ్ కనిపిస్తాడు. క్రాకోవ్ రాజాస్థానానికి దగ్గరి సంగీతకారుడు. జీవిత వివరాలు దాదాపు శూన్యం, రచనలు మాత్రం ఉన్నాయి. ఆయన ‘మాగ్నిఫికాత్’ అనే మేరీ మాత స్తోత్రంలో కొన్నిచోట్ల రెండు గొంతులకే స్వరాలు రాసి ఉంటాయి. మూడో గాయకుడు పై గొంతును చూస్తూ, దాని స్వరంతో కలిపి కిందికి లెక్కిస్తే వచ్చే నాలుగో స్వరం మీద అదే బాణీని అనుసరించాలి. రాయని గొంతుతో కలిసి మూడు గొంతులూ నిండుగా వినిపిస్తాయి. దాదాపు అదే కాలంలో పశ్చిమాన ప్రసిద్ధ స్వరకర్త ద్యూఫే వాడుతున్న పద్ధతి ఇది. మికోవాయ్ రచనలున్న రాతప్రతుల్లోనే ఇటలీలో పేరు మోసిన స్వరకర్త చికోనియా రచనలూ ఉన్నాయి. ‘మన జాతి సంగీతం’ అని గిరి గీసేవాళ్లు ఆ పుటలను ఒక్కసారి తిరగేయాలి.

ఆ రాతప్రతులు రెండింటిలో ఒకటి రెండో ప్రపంచ యుద్ధంలో పోయింది. అంతకుముందు తీసిన ఫొటోలే ఇప్పుడు ఆధారం. 1944లో తన ఆక్రమణ మీద వార్సాలో లేచిన తిరుగుబాటును అణిచివేశాక జర్మన్ సైన్యం ఆ నగరంలోని క్రషిన్‌స్కి లైబ్రరీకి నిప్పు పెట్టింది. అక్కడ భద్రపరిచిన పాత గ్రంథాలు కుప్పలుగా బూడిదయ్యాయి. పోగొట్టుకున్న తర్వాతే పోలిష్ స్వరకర్తలు మధ్యయుగం వైపు అంత గట్టిగా తిరిగారని నా నమ్మకం. 1954లో కమ్యూనిస్టు పాలన నుంచి తప్పించుకుని ఇంగ్లండ్ చేరిన ఆంద్జెయ్ పానుఫ్నిక్, 1963లో రాసిన ‘సిన్ఫోనియా సాక్రా’ను ‘బోగురొజిత్సా’ బాణీ మీదే కట్టాడు. హెన్రిక్ గురెత్స్కి 1969లో ‘పాత పోలిష్ సంగీతం’ పేరుతో వాద్యబృందానికి రాసిన కృతికి మధ్యయుగపు బహుస్వర గానాన్ని పునాదిగా తీసుకున్నాడు. 1976లో పూర్తిచేసిన ఆయన మూడో సింఫనీలో సొప్రానో (హెచ్చు స్థాయి స్త్రీ గొంతు) మొదట పాడేది పదిహేనో శతాబ్దపు మేరీ మాత విలాపం. ఆ సింఫనీ 1992 రికార్డింగ్ పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

గురెత్స్కిని అంతమంది విన్నారు. ఆయనకు ఊపిరిచ్చిన మికోవాయ్ కాలం మాత్రం ప్రాచీన సంగీత బృందాల కచేరీలు దాటి బయటికి రావడం లేదు. ద్యూఫే పేరున్న ప్రతి పాఠ్యప్రణాళికలోనూ, ప్రతి కచేరీ జాబితాలోనూ రాదోమ్ మికోవాయ్ పేరు కూడా ఉండాలి.