రిఫరల్ స్లిప్పు గారికి ఒక ప్రింటరు లేఖ

శ్రీయుత రిఫరల్ స్లిప్పు గారికి,

విజయవాడ గవర్నర్‌పేట నుంచి ఒక ప్రింటింగ్ ప్రెస్సువాడు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మా బావమరిది మాత్రం క్షేమంగా లేడు. కారణం తమరే.

తమర్ని అచ్చేసింది నేనే. తెలుపు, పసుపు, గులాబి, మూడు కాపీలు, యాభై సెట్లకో బుక్కు. బిల్లుబుక్కుకి తమ్ముడై ఉంటారులే అనుకున్నాను. ప్రతి బుధవారం పొద్దున ఏడింటికి హోటల్ హాల్లో, ఇడ్లీ వడల సాక్షిగా, నలభై మంది వ్యాపారులు తమరికి హారతి పడతారని అప్పుడు తెలీదు. అదొక వ్యాపారుల క్లబ్బు. గిరాకీ అవుతాడనుకున్న మనిషి నంబరు తమరి మీద రాసి తోటి సభ్యుడికివ్వడమే అక్కడి పని. వృత్తికి ఒక్కరే సభ్యులట. ప్రింటరుగా నేనొక్కణ్నే, పోటీ లేదని సంబరపడి చేరాను. ముందు మనం ఇస్తే, తర్వాత మనకొస్తుందన్నారు. మంచి మాటే. కానీ వారానికి రెండు స్లిప్పులు ఇవ్వకపోతే బోర్డు మీద నా పేరు పక్కన ఎర్రచుక్క పెడతారు.

ఆ చుక్క టెన్షన్‌లోనే బావమరిది నంబరు రాసిచ్చాను, సోలార్ ప్యానెళ్లు పెట్టించుకునే ఆలోచనలో ఉన్నాడని. వాడుండేది అద్దింట్లో, అదీ గ్రౌండ్ ఫ్లోరు. తర్వాతి వారం వాటర్ ప్యూరిఫయర్‌కి రాశాను, ఆపై వారం ఇన్సూరెన్స్‌కి. ఇప్పుడు వాడు నా ఫోను ఎత్తడు. నాకొచ్చినవీ అలాంటివే. పెళ్లికార్డుల పార్టీ అని ఒకాయన నంబరిస్తే ఫోన్ చేశాను. "మా అమ్మాయి మూడో తరగతండీ" అన్నాడాయన.

1973లో మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సోషియాలజిస్టు ఒక సంగతి బయటపెట్టాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను అడిగితే, ఆ తెలిసిన మనిషిని తరచూ కలుస్తుంటామన్నది సుమారు ఆరుగురిలో ఒక్కరేనట. అంటే కొత్త కబురు తెచ్చేది ఎక్కువగా ఎప్పుడో కలిసేవాళ్లేనన్నమాట. మేమేమో ఆ నలభై మొహాలనే వారం వారం చూసుకుంటూ, ఉన్న నంబర్లే అటూ ఇటూ తిప్పుకుంటున్నాం.

మా పేట మేస్త్రి ఉన్నాడు. క్యాలెండర్ కోసం ఏడాదికోసారి కనపడతాడు, అంతే. కానీ ఇల్లు పూర్తవగానే ఆ ఇంటివాళ్లను గృహప్రవేశం కార్డులకి నా దగ్గరికే పంపుతాడు. "నా పేరు చెప్పండి, చూసి వేస్తాడు" అంటాడట. ఆయన పేరు చెప్పుకుని వచ్చారంటే ప్రూఫు రెండుసార్లు దిద్దుతాను. ముహూర్తం తప్పు పడితే పోయేది ఆయన మాట కదా.

మొన్న అలా వచ్చినావిడే మంచి ఎలక్ట్రీషియన్ ఉంటే చెప్పమంది. తమరి మీదైతే పది సెకన్లలో గీకేసేవాణ్ని. నోటితో చెప్పాల్సి వచ్చేసరికి టీ చల్లారేదాకా ఆలోచించాను. చివరికి ఒకతనికి ఫోన్ చేసి, "నా పరువు తీయకు బాబూ" అని మరీ పంపాను. స్లిప్పు రాయలేదు. ఎర్రచుక్క అలాగే ఉంది.

తమరివి ఇంకో ఇరవై బుక్కులకి ఆర్డరొచ్చింది. మేస్త్రి పంపిన కార్డులయ్యాక మిషనెక్కిస్తాను.

ఇట్లు,
తమరి జన్మదాత

తా.క.: బావమరిది నంబరున్న గులాబి కాపీలు ఇప్పుడెవరి దగ్గరున్నాయో కాస్త చెప్పగలరు. పండక్కి అత్తారింటికి వెళ్లాలి.