మందు అమ్మడానికి లైసెన్సు కావాల, మాన్పించడానికి మాత్రం ఎవరైనా పర్లేదా?

కంపెనీల్లో ఇప్పుడు వెల్‌నెస్ ప్రోగ్రాం అనేది బాగా నడస్తా ఉంది. తాగుడు, గంజాయి, అప్పులు, ఇంట్లో గొడవలు ఏదున్నా మా కౌన్సిలర్‌తో మాట్లాడండి అంటారు. మన తిరుపతి జిల్లాలో శ్రీసిటీ, రేణిగుంట, గాజులమండ్యం పక్క ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లలకి ఇట్లాంటి సాయం కావాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ కౌన్సిలర్ ఏం చదివినాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, తప్పు చేస్తే ఎవరికి జవాబు చెప్పాల అని అడిగితే చాలా చోట్ల సమాధానం ఉండదు. హెచ్‌ఆర్‌లో ఖాళీగా దొరికిన అమ్మాయో, రిటైరైన ఆఫీసరో, స్టేజీ ఎక్కి మోటివేషన్ స్పీచులిచ్చే ఆయనో ఆ పని చేసేస్తా ఉంటారు. ఆన్‌లైన్‌లో రెండు వీకెండ్లు క్లాసులు విని సర్టిఫికెట్ ప్రింట్ తీసుకున్నోళ్ళు కూడా అడిక్షన్ స్పెషలిస్ట్ అని కార్డు కొట్టించుకుంటున్నారు. ఇది ఆగాల.

2025 నవంబరు దాకా నడిచిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్ ఒకసారి చూడండి. ప్రతి 150 మంది కార్మికులకి ఒక ఫస్ట్ ఎయిడ్ బాక్సు ఉండాల, ఆ బాక్సు చూసుకునే మనిషికి ప్రభుత్వం గుర్తించిన ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ఉండాల అని అందులో రాసినారు. వేలు తెగితే కట్టు కట్టే మనిషికే ట్రైనింగ్ ఉండాల అన్నోళ్ళం, పదేళ్ళుగా రోజూ తాగే మనిషిని ఎట్లా మాన్పించాలో చెప్పే ఆయన్ని ఏమీ అడక్కపోవడం ఏం న్యాయం?

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. క్లినికల్ సైకాలజిస్టులకి 1992 చట్టం కింద రిహాబిలిటేషన్ కౌన్సిల్ అనే కేంద్ర సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉంది, మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యల్ని 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం జబ్బుల్లోనే కలిపింది, కౌన్సిలర్లను కూడా ఒక వృత్తిగా లెక్కలోకి తెచ్చే అలైడ్ హెల్త్‌కేర్ చట్టం 2021లో వచ్చింది. ఇదంతా మీకు తెలిసిందే. కానీ మీ రిజిస్ట్రేషన్ నంబరెంత సార్ అని కౌన్సిలర్‌ని అడిగే అలవాటు మాత్రం మన ఊర్లో నాకు కనబడలేదు.

అసలు ప్రమాదం ఎక్కడుందో చెప్తా. మంచి మాటలు చెప్తే తాగుడు పోతుంది, కాబట్టి మంచి మాటలు చెప్పగలిగిన ప్రతి ఒక్కరూ కౌన్సిలరే అని మనవాళ్ళు అనుకుంటారు. మద్యానికి ఒళ్ళు పూర్తిగా అలవాటు పడిపోయిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుందో వీళ్ళలో ఎంతమందికి తెలుసు? ఆపిన కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్యలో మనిషి ఎక్కడున్నాడో తెలీక లేనివి ఉన్నట్టు చూస్తా అరస్తా ఉంటాడు, దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. కార్తీక మాసంలో అయ్యప్ప మాల వేసి 41 రోజులు మందు ముట్టకుండా ఉండేవాళ్ళు మన జిల్లాలో వీధికొకరు ఉంటారు, నాకు ఆ దీక్షంటే గౌరవం, దాంతో శాశ్వతంగా మానేసినోళ్ళూ ఉన్నారు. కానీ పొద్దున లేస్తానే పెగ్గు పడకపోతే చెయ్యి నిలవని మనిషికి "ఈ రోజే మాల వెయ్ నాయనా, ఆ సామే చూసుకుంటాడు" అని సలహా ఇచ్చే కౌన్సిలర్ అతన్ని ఆస్పత్రికి పంపకుండా చావు దగ్గరికి తోస్తున్నాడు. ముందు డాక్టరు దగ్గరికి పంపాల, బీ1 విటమిన్ ఇంజెక్షన్ పడాల, వణుకు తగ్గే మందులు పడాల, మాల ఆ తర్వాత వేయచ్చు.

ఇంకొకటి, తాగుడు మాన్పించాలని మొగుడికి చెప్పకుండా కూరలో కలిపి పెట్టే పొడి. కొన్నింటిలో ఉండేది డైసల్ఫిరాం. అది కడుపులో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి గుండె మీదికి వస్తుంది. మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు చూస్తా ఇవ్వాల్సిన మందు అది. ఆ పొడి గురించి ఒక ఆయమ్మ వచ్చి అడిగితే వద్దమ్మా అని చెప్పగలిగేంత చదువైనా ఉండాల కదా కౌన్సిలర్‌కి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పరీక్ష ఉంది, సరదాగా తాగేవాడు ఎవరు, ఆస్పత్రి అవసరమైనవాడు ఎవరు అని మొదటి రోజే ఒక అంచనా ఇస్తుంది. దాని పేరు కూడా వినని మనిషి ఈ పనిలో ఉండకూడదు.

అమెరికాలో లారీ డ్రైవర్లు, పైలట్ల లాంటి ప్రజల భద్రతతో ముడిపడ్డ ఉద్యోగుల్లో ఎవరైనా టెస్టులో దొరికితే సబ్‌స్టెన్స్ అబ్యూజ్ ప్రొఫెషనల్ అనే మనిషి చూసి, ట్రీట్‌మెంట్ అయ్యాక మళ్ళీ చూసి రిపోర్టు రాస్తేగానీ ఆ డ్యూటీకి తిరిగి రానివ్వరు. ఆ మనిషి డాక్టరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో, సర్టిఫైడ్ అడిక్షన్ కౌన్సిలరో అయ్యుండాల, పైన ప్రత్యేక ట్రైనింగ్ చేసి పరీక్ష పాసవ్వాల, ప్రతి 3 ఏళ్ళకి 12 గంటలు మళ్ళీ చదువుకోవాల. నాకు బాగా నచ్చిన రూల్ ఇంకొకటుంది, ఉద్యోగిని తన సొంత క్లినిక్‌కి గానీ తనకు డబ్బులొచ్చే చోటికి గానీ పంపకూడదు. మన దగ్గర కౌన్సిలర్‌కీ ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్‌కీ మధ్య కమీషన్ నడిస్తే అడ్డం చెప్పేదెవరు? మన ఆర్టీసీ డిపోల్లో డ్రైవర్లకి బ్రీత్ ఎనలైజర్ పెడతారు, పెట్టాల్సిందే, కొండ మీదికి ఘాట్ రోడ్డులో భక్తుల్ని ఎక్కించుకుని పోయే బస్సులవి. కానీ దొరికినోడికి శిక్ష వేయడంతో కథ అయిపోకూడదు, ఆ డ్రైవరన్న మళ్ళీ స్టీరింగ్ పట్టుకోడానికి సిద్ధమా కాదా తేల్చే ట్రైనింగ్ ఉన్న మనిషి ఆ డిపోకి కావాల.

రహస్యం సంగతీ అంతే. కార్మికుడు నోరు విప్పి గంజాయి తాగుతున్నా సార్ అని చెప్పింది సాయంత్రానికి సూపర్‌వైజర్‌కి తెలిసిపోతే రేపటి నుంచి ఆ గది తలుపు ఎవరూ తట్టరు, కాంట్రాక్టు కూలీ అయితే ఉద్యోగమే పోతుంది. చిన్న మోతాదు కేసుల్లో ఉన్న మనిషి తనంతట తాను గుర్తింపు ఉన్న చోట ట్రీట్‌మెంట్‌కి పోతే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ మత్తు పదార్థాల కేసులు పెట్టే ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది. చదువుకున్న కౌన్సిలర్ ఆ మాట చెప్పి భయం పోగొడతాడు, చదువుకోనోడు "పోలీసులకి చెప్తా" అని బెదిరిస్తాడు.

సర్టిఫికెట్ కాగితమే కదా, తాగి మానేసిన మనిషికి తెలిసినంత చదువుకున్నోడికి తెలుస్తుందా అంటారు కొంతమంది. తాగి మానేసినోళ్ళు ఒకరికొకరు తోడు నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం వాళ్ళు 1935 నుంచీ ఏ డిగ్రీ లేకుండా లక్షల మందిని నిలబెట్టినారు, నిజమే. వాళ్ళు ఫీజు తీసుకోరు, హెచ్‌ఆర్‌కి రిపోర్టు రాయరు, ఇతను డ్యూటీకి ఫిట్ అని సంతకం పెట్టరు. జీతం తీసుకుని ఇంకొకరి ఉద్యోగం మీద సంతకం పెట్టేవాడి లెక్క వేరే.

నేర్చుకోడానికి చోటు లేదనే సాకు కూడా మనకి లేదు. ఒక పక్క చెన్నై, అక్కడ శాంతి రంగనాథన్ 1980లో మొదలుపెట్టిన టీటీ రంగనాథన్ ఫౌండేషన్ ఆస్పత్రి రోగుల్ని చూడటమే కాకుండా కౌన్సిలర్లకి ట్రైనింగ్ ఇస్తా వచ్చింది, ఇంకో పక్క బెంగళూరులో మానసిక వైద్యానికి పేరున్న కేంద్ర సంస్థ నిమ్‌హాన్స్. కొలంబో ప్లాన్ అనే దేశాల కూటమి కింద అడిక్షన్ ప్రొఫెషనల్స్‌కి పరీక్ష పెట్టి ఐకాప్ అని అంతర్జాతీయ సర్టిఫికెట్ కూడా ఇస్తారు. ఇక్కడే ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీ, పద్మావతి మహిళా యూనివర్సిటీలో సోషల్ వర్క్ చదివే పిల్లలున్నారు. రుయా ఆస్పత్రిలో డాక్టర్ల కింద ఏడాది సూపర్‌విజన్‌తో కూడిన ఒక డిప్లొమా పెడితే ఈ పిల్లలకి ఊర్లోనే గౌరవమైన ఉద్యోగం దొరుకుతుంది.

డబ్బులెక్కడివి అంటే, అక్కడికే వస్తున్నా. 2024 అక్టోబరులో రాష్ట్రంలో 3,396 మద్యం షాపులకి లాటరీ తీసినారు, ఒక్కో అప్లికేషన్‌కి వెనక్కి రాని ఫీజు 2 లక్షలు, 90 వేల దాకా అప్లికేషన్లు వచ్చినాయి, అంటే ఒక్క సీసా అమ్మకముందే ప్రభుత్వానికి దాదాపు 1,800 కోట్లు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడినారు, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేసినారు, ఆ తర్వాత ఏ పార్టీ వచ్చినా షాపు ఎవరు నడపాల, బ్రాండ్ ఏది, రేటెంత అనే గొడవ తప్ప తాగుడికి బానిసైన మనిషికి వైద్యం ఎవరు చేయాల అనే చర్చ అసెంబ్లీలో గట్టిగా జరిగింది ఎప్పుడు? 2019లో ఎయిమ్స్ వాళ్ళు బయటపెట్టిన జాతీయ సర్వేలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకమైన చికిత్స అందుతా ఉందని తేలింది, ఈ సమస్య ఎక్కువున్న రాష్ట్రాల్లో మన ఆంధ్రా పేరు కూడా ఉంది. ఆ 1,800 కోట్లలో నూటికి ఒక్క రూపాయి పక్కన పెట్టినా 18 కోట్లు, జిల్లా జిల్లాకీ ట్రైనింగ్ మొదలుపెట్టచ్చు. మద్యం ఆదాయంలో ఒక వాటా చట్టం చేసి మరీ చికిత్సకీ, చికిత్స చేసేవాళ్ళ చదువుకీ కట్టేయాల, దీని గురించి నేను రాస్తానే ఉంటా.

అంతవరకు జిల్లాలో చేయగలిగింది ఒకటుంది. మత్తు మాన్పించడానికి కేంద్రం పెట్టిన నషా ముక్త్ భారత్ కార్యక్రమం కింద జిల్లా కమిటీకి కలెక్టరే పెద్ద. ఫ్యాక్టరీలకీ, ఆర్టీసీ డిపోలకీ, ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్లకీ మీ దగ్గర కౌన్సిలింగ్ చేసేవాళ్ళ చదువు, ట్రైనింగ్, రిజిస్ట్రేషన్ వివరాలు పంపండి అని కలెక్టరు ఆఫీసు నుంచి ఒక లెటరు పోతే సగం మంది రంగు బయటపడుతుంది. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. తిరుపతి, చిత్తూరు రెండు జిల్లాల్లోనూ ఆ లెటరు ఈ నెలలోనే పోవాల.